అద్దె గుర్రం

సర్కారు నన్ను కొలువులో పెట్టుకోలేదు.
నా గుర్రాన్ని అద్దెకు తీసుకుంది.
కాగితంలో దాని పేరుంది, సెఫెఫో.
మా మాటలో సెఫెఫో అంటే తుఫాను,
నడక మాత్రం కడుపు నిండిన మబ్బు.
రంగు, వయసు, డెక్కల బాగోగులు
అన్నీ అడిగి అడిగి రాసుకున్నారు.
తోలేవాడి పేరుకి గడి లేదు.

నేను మోఖెలేని.
మలుతి కొండల్లో, జీపు ఇక నావల్ల కాదనే చోట
నర్సమ్మనీ, ఆమె ఒళ్లోని నీలం పెట్టెనీ
ఎక్కించుకుని పైకి చేర్చేవాణ్ణి.

లోకమంతా టీకా మందుకి ఎండంటే భయమట.
మాకు జూన్ నెలంటే భయం.
అప్పుడు మా వాగు నిలబడే నిద్రపోతుంది,
గుర్రం ఊపిరి దాని మీసాల మీదే గడ్డకడుతుంది.
మందు వెచ్చబడితే చెడుతుంది,
బిగుసుకుపోతే ఇంకా చెడుతుంది.
"పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకో మోఖెలే"
అంది న్థాబెలెంగ్ నర్సు.
సరేనన్నాను. జీను వెనక తాడేసి
మొక్కజొన్న బస్తాని కట్టినట్టు కట్టాను.

హా మొలుములా చేరేసరికి పొద్దు నడినెత్తిన ఉంది.
గొర్రెల దొడ్డి గోడ పక్కన తల్లులు,
దుప్పట్లలో దుప్పట్లు, వాటి అడుగునెక్కడో పిల్లలు.
చేతుల్లో బుకానాలు,
పిల్ల ఒంటి సంగతులన్నీ రాసే చిన్న పుస్తకాలు.
ఒకదాన్ని ఎలుక కొరికింది,
ఒకటి గంజి ఒలికి అట్టలా బిగిసింది.
తొమ్మిది తొడలు, తొమ్మిది కేకలు.

పదోవాడు ఆలస్యంగా వచ్చాడు,
రెండు కొండల అవతల నుంచి, అమ్మమ్మ వీపు మీద.
మాంపోలొకెంగ్ ఆమె పేరు.
రబ్బరు బూట్లలో ఒకటి నల్లది, ఒకటి ఎర్రది.

నడుమ గుడ్డ చుట్టిన సీసాలు అయిపోయాయి.
పెట్టె గోడకి ఆనుకున్నది ఒక్కటే మిగిలింది.
నర్సు దాన్ని ఊపి వెలుగుకి ఎత్తింది.
మంచి మందు ఊపితే పాలలా తెల్లబడి
చాలాసేపు అలాగే ఉంటుంది.
ఇది విరిగిన పాలలా
తునకలు తునకలై అడుక్కి దిగిపోయింది.

గాలి కొట్టిన వైపు.
నేను తాడు బిగించిన వైపు.

"పొడిచెయ్యి తల్లీ, ఎవరు చూడొచ్చారు" అంది ముసలామె,
"సూది సూదే కదా, పుస్తకంలో గీత పడుతుంది."
నర్సు సీసాని డబ్బాలో వేసి మూత పెట్టింది.
బుకానాలో ఆ గడి ఖాళీగా వదిలేసింది.
నన్నేమీ అనలేదు.
అని ఉంటే బాగుండేది.

బిడ్డని మళ్లీ వీపున కట్టుకుంటూ
మాంపోలొకెంగ్ తిట్టింది. నర్సుని కాదు, నన్ను కాదు.
"పేరు తుఫానట! మోసుకొచ్చింది మంచుగడ్డ"
అని నా గుర్రాన్ని.

ఎనిమిదో రోజున మళ్లీ బయల్దేరాం,
ఒక్క పిల్లాడి కోసం.
ఒక్కడికైతే అద్దె రాదని ఆఫీసులో ముందే చెప్పారు.
మార్చి డబ్బులే ఇంకా రాలేదు,
ఇదీ రాకపోతే కొత్తేముంది.
ఈసారి పెట్టె జీను మీద లేదు.
నా దుప్పటి లోపల, పొట్టకి ఆనించి ఉంది.
దాని చలి నా పేగుల్లోకి,
నా వేడి దాని గోడల్లోకి,
దారంతా బేరమాడుకుంటూ ఎక్కాం.

నర్సు సీసా ఊపి నా చేతిలో పెట్టింది.
నాకు అక్షరాలు రావు,
బుకానా తలకిందులుగా పట్టుకున్నా తెలియదు.
ఇది మాత్రం చదివాను.
వంద లెక్కపెట్టాను, మళ్లీ వంద.
ఒక్క తునకా దిగలేదు.

పిల్లాడు ఎదురుకొండ కుక్క మొరిగేలా ఏడ్చాడు.
మాంపోలొకెంగ్ లోపలికి వెళ్లి
ఉడికిన బంగాళాదుంప తెచ్చింది, ఇంకా పొగలు పోతోంది.
నాకే అనుకుని చెయ్యి చాచాను.

గుర్రానికి పెట్టింది.